పొగ మనది, సీసా వాళ్ళది

ఎరువుల దుకాణాల్లో ఈమధ్య ఓ కొత్త సీసా కనబడుతోంది. ముదురు టీ రంగు, ఘాటైన పొగ వాసన. పేరు ఉడ్ వినెగర్. తెగులు పోతుంది, పురుగు చస్తుంది, దిగుబడి పెరుగుతుందని డీలరు చెబుతాడు. నేను చూసిన సీసా మీద అది ఏ కట్టె నుంచి తీశారో, ఆమ్లం ఎంతుందో లేదు.

ఇంతకీ ఇది బొగ్గుల బట్టీ పొగను చల్లబరిస్తే కారే నీరు. జపాన్‌లో మొకుసాకు అంటారు. థాయిలాండ్ రైతులు పాత 200 లీటర్ల డ్రమ్ముకు పొడుగాటి వెదురు బొంగు తగిలించి సొంతంగా తీసుకుంటారు. పొగ బొంగులో సాగుతూ చల్లబడి చుక్కలుగా కారుతుంది. నూటికి 80 నుంచి 90 పాళ్ళు నీరే. మిగతా దాంట్లో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లం.

కష్టమంతా ఓపిక పట్టడంలోనే. తీసిన నీటిని మూడు నెలలు కదపకుండా ఉంచాలి. పైన తేలిక నూనె తేలుతుంది, అడుగున తారు దిగుతుంది, మధ్యలో తేరినదే పనికొస్తుంది. తారులో క్యాన్సర్ కారకాలు ఉంటాయి. తొందరపడి సీసాల్లో నింపిన సరుకు కొడితే మాడేది రైతు చేను, డీలరు దుకాణం కాదు. 1:500 పాళ్ళలో కలపాలంటే 20 లీటర్ల ట్యాంకుకు 40 మిల్లీలీటర్లు చాలు. చిక్కగా కొడితే ఇదే కలుపుమందవుతుంది! గులాబీ రంగు పురుగు కాయలో దూరాక మాత్రం ఈ నీళ్ళు చేసేదేమీ లేదు.

పురుగు చస్తుందని అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పైరు పెరుగుదలకు అంటే, 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చిన బయోస్టిమ్యులెంట్ల నిబంధనలు ఉన్నాయి. రెండింటిలో ఏదో ఒక కాగితం చూపమని డీలరును అడగండి. బిల్లు కూడా తీసుకోండి.

మరోపక్క పత్తి కట్టెను ఏటా చేలోనే తగలబెడుతున్నాం. సర్కారు తుమ్మ బొగ్గు కాల్చే బట్టీల్లో పొగంతా కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఆ పొగకు గొట్టం బిగిస్తే వాళ్ళకు కొంత ఊరట, మనకు మందు. కృషి విజ్ఞాన కేంద్రాలు మండలానికో డ్రమ్ము బట్టీ పెట్టి చూపించాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మన మిర్చి, పత్తి, వరి మీద పరీక్షించి ఏ పైరుకు ఎంతో తెలుగులో రాసివ్వాలి. ఖరీఫ్‌కు ముందే వ్యవసాయాధికారులకు మన వినతిపత్రంలో ఈ రెండూ చేర్చాలి.