పై తరగతికి ఎక్కి గెలిచిన బాక్సర్లు: ఎవరి విజయం గొప్పది?

బాక్సింగ్ అభిమానుల మధ్య ఎన్నటికీ తెగని వాదం ఒకటుంది. తన బరువు తరగతిని దాటి, పై తరగతిలో గెలిచినవారిలో మేటి ఎవరు? హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంటారు కొందరు, మేనీ పాకియావో అంటారు ఇంకొందరు, రాయ్ జోన్స్ పేరు చెబుతారు మరికొందరు. ఈ వాదంలో సాధారణంగా కొలమానం ఒక్కటే: ఎన్ని పౌండ్లు పైకి ఎక్కాడు?

ఈ కొలమానం చాలదని నా అభిప్రాయం. శరీరధర్మాన్ని దృష్టిలో పెట్టుకొని చూసేవారు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఆ బరువుకు అతని శరీరం ఏ విధంగా చేరింది? ఎదుటివాడు ఆనాడు తన సహజబలంతో ఉన్నాడా? గెలిచిన తరువాత ఆ శరీరం ఏమైంది? ఈ మూడింటినీ కలిపి చూస్తే విజేతల వరుసే మారిపోతుంది. దానితోపాటు, బరువు విషయంలో మనవంటి సామాన్యులకు పనికివచ్చే పాఠం కూడా ఒకటి దొరుకుతుంది.

తరగతులు ఎందుకు ఏర్పడ్డాయి?

వృత్తి బాక్సింగ్‌లో సంప్రదాయంగా 17 బరువు తరగతులున్నాయి. లైట్‌వెయిట్ పరిమితి 135 పౌండ్లు, అంటే సుమారు 61 కిలోలు. వెల్టర్‌వెయిట్ 147 పౌండ్లు, మిడిల్‌వెయిట్ 160, లైట్ హెవీవెయిట్ 175. గుద్దు అన్నది చేతి బలం మాత్రమే కాదు. పాదం నేలను నొక్కిన క్షణం నుంచి తొడ, నడుము, భుజం మీదుగా శరీరపు బరువంతా పిడికిలిలోకి ప్రవహిస్తుంది. కనుక బరువైనవాడి దెబ్బ సహజంగానే గట్టిది.

అయితే ప్రకృతి చిన్నవాడికీ ఒక వరమిచ్చింది. కండరం బలం దాని మందాన్ని, అంటే అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. బరువు మాత్రం మొత్తం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. శరీరం పెద్దదయ్యేకొద్దీ బలం కంటే బరువే ముందుకు పరుగెడుతుంది. అందువల్ల తన బరువుతో పోల్చుకుంటే చిన్నవాడే బలవంతుడు, చురుకైనవాడు. పై తరగతికి వెళ్లి గెలవడమంటే ఈ చురుకును పోగొట్టుకోకుండా దెబ్బను తట్టుకునే శక్తిని సంపాదించడమే.

గొప్ప గెలుపులు, వాటి వెనుక తూకాలు

1938లో ఆర్మ్‌స్ట్రాంగ్ సాధించినది నేటికీ అపురూపమే. అప్పటికే ఫెదర్‌వెయిట్ విజేతగా ఉన్న అతడు, మే 31న ఏకంగా వెల్టర్‌వెయిట్ విజేత బార్నీ రాస్‌ను ఓడించాడు. ఆగస్టులో మధ్యనున్న లైట్‌వెయిట్ కిరీటాన్నీ గెలిచి, మూడు తరగతుల్లో ఒకేసారి విజేతగా నిలిచాడు. రాస్ 142 పౌండ్లు తూగగా ఆర్మ్‌స్ట్రాంగ్ బరువు 133½ పౌండ్లు మాత్రమే. ఇక్కడ గమనించవలసినది, అతడు తన శరీరాన్ని మార్చుకోలేదన్న సంగతి. తన సహజ బరువుతోనే పైవాడిని ఎదుర్కొన్నాడు. అయితే రాస్ అప్పటికే అలసిన యోధుడు. అదే అతని ఆఖరి పోటీ.

1985 సెప్టెంబరులో లైట్ హెవీవెయిట్ విజేత మైకేల్ స్పింక్స్, అప్పటివరకు 48 పోటీల్లో ఓటమి ఎరుగని హెవీవెయిట్ విజేత లారీ హోమ్స్‌ను ఓడించాడు. స్పింక్స్ 200 పౌండ్లు, హోమ్స్ 221 పైచిలుకు. లైట్ హెవీవెయిట్ విజేతగా ఉంటూ హెవీవెయిట్ కిరీటం గెలిచినవాడు అంతకుముందు లేడు. ఆహారం, వ్యాయామం విషయంలో నిపుణుణ్ణి పెట్టుకొని, కొవ్వు పేరుకోకుండా బరువు పెంచుకున్న పద్ధతి ఆ రోజుల్లో కొత్త. కానీ హోమ్స్‌కు అప్పటికి 35 ఏళ్లు. మూడేళ్లు గడవకముందే మైక్ టైసన్ ఎదుట స్పింక్స్ 91 సెకన్లు మాత్రమే నిలవగలిగాడు.

పాకియావో 2008లో ఆస్కార్ డి లా హోయాను ఓడించినప్పుడు లోకం విస్తుపోయింది. ఆ విజయాన్ని నేను కొంత తగ్గించి చూస్తాను. పాకియావో పైకి ఎక్కిన మాట నిజమే. కానీ డి లా హోయా కిందికి దిగాడు. 2001 తరువాత అతడు 147 పౌండ్ల తరగతిలో పోటీ చేయనేలేదు. తూకంనాడు పరిమితి కంటే తక్కువగా 145 పౌండ్లే తూగాడు. పోటీ రోజు కూడా ఆ శరీరం తేరుకోలేదు. ఎనిమిది రౌండ్ల తరువాత కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఎండిపోయిన పెద్ద శరీరం కంటే పుష్టిగా ఉన్న చిన్న శరీరమే మేలని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. దానికంటే 2010లో ఆంటోనియో మార్గరీటోపై పాకియావో గెలుపే పెద్దదని నా లెక్క. అక్కడ ఎదుటివాడు నిజంగానే ఎత్తరి, బరువరి.

దిగేటప్పుడే ప్రమాదం

1952 జూన్ 25న న్యూయార్క్‌లో షుగర్ రే రాబిన్సన్ లైట్ హెవీవెయిట్ విజేత జోయీ మాక్సిమ్‌ను ఎదుర్కొన్నాడు. తన కంటే 15 పౌండ్ల బరువు ఎక్కువున్నవాడిపై అన్ని రౌండ్ల లెక్కలోనూ ముందున్నాడు. కానీ ఆ రాత్రి బరిలో వేడి 40 డిగ్రీల సెల్సియస్. పదో రౌండు తరువాత రిఫరీయే వడదెబ్బకు తాళలేక తప్పుకోగా, మరొకరిని పెట్టవలసి వచ్చింది. పదమూడు రౌండ్లు ముగిశాక రాబిన్సన్ లేవలేకపోయాడు. అతణ్ణి ఓడించినది మాక్సిమ్ కాదు, ఒంట్లో పెరిగిన వేడి, తగ్గిన నీరు.

రాయ్ జోన్స్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. 2003 మార్చిలో 193 పౌండ్లతో బరిలో దిగి, 226 పౌండ్ల జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీవెయిట్ పట్టం అందుకున్నాడు. ఆ పెంచిన కండను అక్కడే ఉంచుకొని ఉంటే ఎలా ఉండేదో! ఎనిమిది నెలల్లోనే మళ్లీ 175 పౌండ్లకు దిగి ఆంటోనియో టార్వర్‌తో తలపడ్డాడు. అతికష్టం మీద గెలిచాడు. మరుసటి ఏడాది మే నెలలో అదే టార్వర్ చేతిలో రెండో రౌండులో నేలకూలాడు. సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ చేతిలో మరోసారి. అప్పటికి అతనికి 35 ఏళ్లు. వయసును కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. అయినా ఆ వయసులో కండను పెంచి, కొద్ది నెలల్లో కరిగించడాన్ని ఏ వైద్యుడూ హర్షించడు.

నా ఓటు దురాన్‌కు

నన్నడిగితే అగ్రస్థానం రొబెర్టో దురాన్‌ది. 1980 జూన్ 20న మాంట్రియల్‌లో షుగర్ రే లెనార్డ్‌పై గెలిచిన పోటీకి. దురాన్ ఏళ్ల తరబడి లైట్‌వెయిట్ విజేత. ఆ కిరీటాన్ని 1979లోనే వదిలి, ఏడాదికి పైగా పై తరగతిలో పోరాడుతూ శరీరానికి అలవాటు చేశాడు. లెనార్డ్ 24 ఏళ్లవాడు, అప్పటిదాకా ఓటమి లేనివాడు, తన సహజ బరువులో ఉన్నవాడు. నాలుగేళ్ల ముందు అదే నగరంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. అటువంటివాడిని దురాన్ పదిహేను రౌండ్లు వెంటాడి, స్వల్ప తేడాతోనైనా స్పష్టంగా గెలిచాడు. నా మూడు ప్రశ్నల్లో మొదటి రెండింటికీ ఇంత చక్కని జవాబు మరే గెలుపులోనూ లేదు.

మూడో ప్రశ్నకు జవాబు మాత్రం చేదుగా ఉంటుంది. విజయ సంబరాల్లో దురాన్ విపరీతంగా ఒళ్లు చేశాడు. అయిదు నెలలకే మళ్లీ పోటీ కుదిరింది. పెరిగిన బరువునంతా హడావుడిగా దించాడు. తూకం ముగియగానే కడుపునిండా తిన్నాడు. నవంబరు 25న న్యూ ఆర్లియన్స్‌లో ఎనిమిదో రౌండులో ఇక చాలని చేయి ఊపి వెనుదిరిగాడు. కడుపునొప్పి కారణమన్నాడు, లెనార్డ్ ఆటపట్టించడాన్ని భరించలేకపోయాడని అన్నవారూ ఉన్నారు. లెనార్డ్ తన ఎత్తుగడ మార్చుకున్న మాటా నిజమే. కానీ అదే మనిషి, అదే ప్రత్యర్థి, అదే బరువు తరగతి. మధ్యలో మారినది బరువు పెంచి దించిన తీరు.

ఇదంతా మనకెందుకు?

మన క్రీడాకారులకూ ఈ చిక్కు ఉంది. మేరీ కోమ్ 48 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేక 51 కిలోలకు ఎక్కి కాంస్యం గెలిచింది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. ఒలింపిక్ విభాగం కోసం 50 కిలోలకు దిగవలసి వచ్చింది. 2023లో అక్కడా ప్రపంచ స్వర్ణం సాధించింది. పారిస్‌లో మాత్రం రెండో పోటీలోనే వెనుదిరిగింది. కిలో, రెండు కిలోలే కదా అనిపించవచ్చు. చిన్న శరీరంలో కొవ్వు ఎలాగూ తక్కువ. ఆ రెండు కిలోలు చాలావరకు నీటి నుంచి, కండరాల్లో నిలవ ఉన్న శక్తి నుంచి పోవలసిందే.

శరీర బరువులో రెండు శాతం మేర నీరు తగ్గినా పనితనం కుంటుపడుతుంది. అంతకు మించితే రక్తం చిక్కబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది, లవణాల సమతుల్యం చెడి గుండె లయ తప్పవచ్చు. 1997లో అమెరికాలో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు ఇలా బరువు దించుకుంటూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతే అక్కడి నిబంధనలు మారాయి.

కుస్తీ, బాక్సింగ్, కబడ్డీ వంటి తూకం ఉన్న ఆటల్లో పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. తూకానికి ముందు నీళ్లు మానిపించడం, దుప్పట్లు కప్పుకొని పరుగెత్తించడం, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు ఇవ్వడం వంటివి చేయిస్తున్నారేమో కనుక్కోండి. చేయిస్తుంటే నిస్సంకోచంగా అడ్డు చెప్పండి. ఎదిగే పిల్లవాడు కింది తరగతిలో పతకం కోసం ఎండిపోవడం కంటే, పై తరగతిలో ఓడి నేర్చుకోవడం మేలు.

ఆటలతో సంబంధం లేనివారికీ ఇదే సూత్రం. పెళ్లి ముహూర్తానికి ముందు పది రోజుల్లో అయిదు కిలోలు తగ్గి, నెలలోగా ఆరు కిలోలు పెరిగేవారు మన చుట్టూ ఎందరో. ఉపవాసాలతో వేగంగా తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తిరిగి పెరిగేటప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది. వారానికి అర కిలో, మహా అయితే కిలో చొప్పున తగ్గడం శరీరానికి ఇష్టమైన నడక. మాంట్రియల్‌లో గెలిచిన దురాన్ ఆ బరువుకు ఏడాదికి పైగా వ్యవధి తీసుకొని చేరాడు. న్యూ ఆర్లియన్స్‌లో ఓడిన దురాన్‌కు ఆ వ్యవధి లేదు.