భయం మన రక్తంలో లేదు

మన హాస్టళ్లకు వ్యక్తిత్వ వికాసం సార్లు వస్తుంటరు. ఆదివాసీ పిల్లల్లో ఆత్మవిశ్వాసం తక్కువ అంటరు. అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అని రోజూ పదిసార్లు అనుకొమ్మని చెప్పి, చప్పట్లు కొట్టించుకొని పోతరు.

సారూ, ఒక్క మాట అడగాలె. అదే పిల్ల అంగడిలో ఇప్ప గింజల తూకం దగ్గర షావుకారు అరకిలో కొట్టేస్తే తక్కెడ పట్టుకొని నిలదీస్తది. అదే పిల్ల ఎమ్మార్వో ఆఫీసు గడప దగ్గర ఎందుకు మూగబోతది? లోపం ఆమెలోనే ఉంటే అంగడిలో కూడా ఉండాలె కదా!

ఈ అనుమానం మనలో పుట్టలేదు, పెట్టిన్రు. ఒకటో తరగతిలో కోయ మాట్లాడితే బెత్తం. కాలేజీలో సీటొస్తే "రిజర్వేషన్ సీటు" అని ఎగతాళి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన పిల్లలకు మన భాషలో చెప్పేటోళ్లకు దక్కిన హక్కు పోయింది. ఇన్ని దెబ్బలు బయటి నుంచి తగిలితే, మందు మాత్రం మన మనసుకు రాస్తరా?

పోడు పట్టా సంగతే చూడండి. "కాగితం ఉందా?" అని అడగంగనే మన తాతలు తల దించుకుంటరు. పక్కన డిగ్రీ చదివిన మనవడు కూడా దించుకుంటడు, నాకు బాధ అదే. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన నియమాల్లో 13వది చదవండి. దరఖాస్తుదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాట రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. అంటే ఆఫీసులో ఎవరూ వినని తాత మాటను చట్టం సాక్ష్యం అంటున్నది. ఆ మాట రాయడానికి పేపరు, పెన్ను, మన చదువు చాలు.

"ఇంకా కొంచెం తెలుసుకున్నాక మాట్లాడతా అన్నా" అనే తమ్ముళ్లు, చెల్లెళ్లు మస్తు మంది. ఎంత తెలిస్తే చాలు? ఒడిశాలో నియమగిరి కొండల మీద డోంగ్రియా కోందులు బాక్సైట్ గురించి పీహెచ్‌డీలు చెయ్యలే. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలని చెప్పినంక, ప్రభుత్వం 12 ఊళ్లను మాత్రమే ఎంచింది. జడ్జి వచ్చి కూర్చున్నడు. జనం తమ కొండ గురించి తమకు తెలిసింది చెప్పిన్రు. పన్నెండుకు పన్నెండు ఊళ్లు వద్దన్నయ్, తవ్వకం ఆగింది.

మా దిక్కు ఒక చిన్నమ్మ గిరిజన దర్బార్‌లో కోయలోనే మొదలుపెట్టింది. అర్థం కాక సారే అటెండర్‌ను పిలిచిండు. అటెండర్ మనోడే. ఆ రోజు చెమటలు ఎవరికి పట్టినయో నేను చూసిన. (చిన్నమ్మకు కూడా కాళ్లు వణికినయట, బయటికొచ్చి చెప్పింది. వణికినా మాట ఆగలే.)

కాబట్టి భయం పోయినంక పోదాం అని కూర్చోకండి. ఒక్కరు కాదు, అయిదుగురు పోండి. ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలె. అంతకుముందు గ్రామసభ పెట్టి తీర్మానం రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. దరఖాస్తుల పని మొదలుపెట్టే అధికారం చట్టం గ్రామసభకే ఇచ్చింది, బీట్ ఆఫీసర్‌కు కాదు. ఆ పని తేలేదాకా భూమి నుంచి ఖాళీ చేయించొద్దని కూడా అదే చట్టంలో ఉంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు.

ఇంకొకటి. "రేపు రా" అంటే సరేనని లేవకండి. దరఖాస్తు మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ పడేదాకా ఆ బెంచీ మీదనే కూర్చోండి.