ఒకే జంపఖానా మీద

పెళ్లిళ్ల రోజుల్లో తిరువూరు వీధుల్లో ఒక్క సాయంత్రం తిరిగితే చాలు, వాద్యాల జోడింపులో మనవాళ్లకు పెద్ద పట్టింపులేవీ లేవని తెలిసిపోతుంది. సన్నాయి, డోలు, తాళం ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన క్లారినెట్టో శాక్సాఫోనో చేరుతుంది. అటు కీబోర్డు, ఇటు ఎలక్ట్రానిక్ ప్యాడ్. శాక్సాఫోను 19వ శతాబ్దంలో ఒక బెల్జియం దేశస్థుడు చేసిన వాద్యం. సన్నాయి గుడి సొత్తు. రెండూ ఒకే జంపఖానా మీద కూర్చుని త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే మన పెళ్లిపందిట్లో తల తిప్పి చూసేవాళ్లుండరు. తలంబ్రాల వేళకు అదే మేళం సినిమా పాటలోకి దిగినా అంతే.

నిజానికి అక్కడ చూడాల్సిన పనితనం చాలా ఉంది. పురోహితుడు చేయెత్తితే, వాయిస్తున్న కీర్తన ఏ చరణంలో ఉన్నా వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. సన్నాయి ఆయన కళ్లు మూసుకుని ఉండవచ్చు. డోలు ఆయన చూపు మాత్రం పీటల మీదే ఉంటుంది. కుడిచేతి వేళ్ల తొడుగులు, ఎడమచేతి కర్ర ఒక్కసారిగా జోరందుకునేసరికి మిగతావాళ్లంతా ఆయన వెంట ఉంటారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు.

పాశ్చాత్యులు చాంబర్ మ్యూజిక్ అనేది ఇలాంటి పొందికనే. నలుగురైదుగురు, చిన్న గది, ముందు నిలబడి చేతులూపే నిర్వాహకుడు ఉండడు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో వాళ్ల రాచబాట. ఒక తల్లి పిల్లల్లాంటి ఆ నాలుగింటికీ పెద్దగా పేచీలు రావు. వేరువేరు జాతుల వాద్యాలు చేరితే మాత్రం వాళ్లు విశేషంగా చెప్పుకుంటారు. మనకు ఆ విశేషం ఎప్పుడో పాతబడింది. సుమారు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితార్ వంటివారు చేతిలోకి తీసుకున్న వయొలిన్‌ను ఇవాళ పరాయిదని ఎవరంటారు? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలోనైతే అది పక్కవాద్యంగా ఉండటం మాని కచేరీ మధ్యకే వచ్చి కూర్చుంది.

కూర్చోబెట్టడం ఒక ఎత్తు, కుదరడం ఒక ఎత్తు. మొదటి తగవు శ్రుతి దగ్గరే. వీణకు కాస్త కింది శ్రుతి హాయి, వేణువుకు పైది. వయొలిన్ తీగ బిగించో వదులు చేసో ఎవరి దారికైనా వస్తుంది. వేణువుకు ఆ వీలు లేదు, శ్రుతి మారాలంటే సంచిలోంచి ఇంకో వేణువు తీయాల్సిందే. ఘటం మరీ మొండిది. కాలిన మట్టి తాను పలికే శ్రుతే పలుకుతుంది కాబట్టి ఘట విద్వాంసులు ఒకటికి రెండు కుండలు మోసుకొస్తారు. శ్రుతి కుదిరాక నాదం నిలిచే తీరు. మీటిన వీణ స్వరం కాసేపటికి కరిగిపోతుంది. కమాను ఆడినంతసేపూ వయొలిన్ ఆగదు. వేణువుకు ఊపిరి హద్దు. గొంతు పెద్దదైన వాద్యం తగ్గకపోతే వీణ వాయిస్తున్నట్టు కనిపిస్తుందే గానీ వినిపించదు.

లాల్గుడి జయరామన్ వయొలిన్, ఎన్.రమణి వేణువు, ఆర్.వెంకట్రామన్ వీణ కలిసి 1966లో కచేరీలు మొదలుపెట్టినప్పుడు ఈ లెక్కలన్నీ చూసుకోవలసి వచ్చింది. ఎవరు ఎవరికి పక్కవాద్యమో చెప్పలేని కచేరీ అది. ఇప్పుడు ఆ కూర్పు ఎంత అలవాటైందంటే, కరపత్రంలో మూడు వాద్యాల పేర్లు వేస్తే చాలు, జనానికి ఏం వినబోతున్నామో తెలుసు.

అంతకంటే ఆశ్చర్యమైన కూర్పులో మన తెలుగువాడొకడు కూర్చున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పాలకొల్లు పిల్లవాడు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. అప్పటికి తిరువూరూ గుడివాడా ఒకే కృష్ణా జిల్లా. ఉప్పలపు శ్రీనివాస్‌కు నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు తీగ మీద వెతికి పట్టుకునేవాడు. జంట తీగల మాండొలిన్ గమకానికి లొంగదు గనుక ఒంటి తీగలు ఐదు కట్టిన ఎలక్ట్రిక్ మాండొలిన్ అతని వాద్యమైంది. వాద్యాన్ని సంగీతం దగ్గరికి నడిపించడమంటే ఇదే.

అవతలి ఒడ్డున ఇంకొకరు అదే పని చేశారు. ఇంగ్లండుకు చెందిన గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్.శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటంతో కలిసి 'శక్తి' బృందం కట్టారు. తబలా ఉత్తరాది, ఘటం దక్షిణాది. మన కచేరీల్లోనే ఆ రెండూ పక్కపక్కన కూర్చోవడం అరుదు. మెక్‌లాఫ్లిన్ తన గిటారు మెట్ల మధ్య కర్రను పల్లంగా చెక్కించుకున్నారు, వీణలో లాగినట్టు తీగను లాగడానికి. ప్రధాన తీగలకు అడ్డంగా మరో ఏడు తీగలు పెట్టించుకున్నారు. ఇంత చేసినా మొదటి బృందం కొన్నేళ్లకే విడిపోయింది. 1997లో 'రిమెంబర్ శక్తి'గా మళ్లీ మొదలయ్యాక శ్రీనివాస్ అందులో చేరాడు. 2014లో అతను పోయినప్పుడు వయసు నలభై అయిదే. తర్వాత బృందం తిరిగి కూడినప్పుడు ఇంకో మాండొలిన్ వాద్యకారుణ్ని వెతకలేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌తో వచ్చారు. ఆ కూర్పుతో చేసిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు 2024లో గ్రామీ దక్కింది. ఆ ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా వెళ్లిపోయారు. ఇలాంటి బృందాలను వాద్యాల పేర్లతో లెక్కపెట్టడం మన అలవాటు గానీ, అవి నిలిచేది మనుషుల మీద.

మనుషులు ఏళ్ల తరబడి కలిసి కూర్చోవాలంటే ఇల్లు గడవాలి. ఈ సంగతి సంగీత చర్చల్లో తక్కువగా వినిపిస్తుంది. తిరువూరు ప్రాంతానికి దగ్గరలో దీనికి మంచి ఉదాహరణ విజయవాడ రేడియో. 1948 డిసెంబరు 1న ఆ కేంద్రం మొదలైంది. అక్కడి నిలయ విద్వాంసులంటే నెలజీతం మీద వాయించేవారు. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారు 1986 దాకా అక్కడే పనిచేశారు. మృదంగానికి దండమూడి రామమోహనరావుగారు, సంగీతానికి సూత్రధారిగా కొంతకాలం బాలమురళీకృష్ణగారు. లలిత సంగీతం పాటకు వీణ పక్కన సితారు, మృదంగం పక్కన తబలా అవసరమైతే, అక్కడ ఆ పొత్తు రోజువారీ ఉద్యోగంలో భాగం. మామిడితోటల్లో ట్రాన్సిస్టరు పెట్టుకుని భక్తిరంజని విన్నవాళ్లకు ఆ వాద్యాల లెక్కతో పనిలేదు. వెనక ఉన్న పొందిక మాత్రం చెవికెక్కింది.

ఉద్యోగ విరమణ చేసిన ఆ తరం కుర్చీలు మునుపటిలా నిండటం లేదు. పెళ్లిమేళం ఒక్కటే ఇంకా కుటుంబాలుగా, అన్నదమ్ములుగా, మామా అల్లుళ్లుగా కలిసి బతుకుతోంది. దాని బయానా కూడా ముహూర్తాలున్న నెలల మీదే ఆధారం. మూఢం వస్తే పొలం పనో ఆటోనో. దానికి తోడు డీజే మోత. మండపంలో అది మొదలయ్యాక సన్నాయి మేళం ఎంత బాగా వాయించినా వృథా.

మన సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్టూ డిప్లొమా ఏ వాద్యానికి ఆ వాద్యానికే ఇస్తారు. వీణ విద్యార్థి ఒక గదిలో, డోలు విద్యార్థి మరో గదిలో. వారానికో సాయంత్రం ఒక గదిని వీళ్లందరికీ కలిపి వదిలేసి, ఊళ్లలోని మేళగాళ్లను కూడా గౌరవంగా పిలిచి, తగిన పారితోషికమిచ్చి, మైకు లేకుండా వాయించమంటే బాగుంటుంది. సిలబస్ మార్చనక్కర్లేదు, పరీక్ష పెట్టనక్కర్లేదు. పారితోషికం పోను మిగిలే ఖర్చల్లా, రాత్రి ఎనిమిది దాకా తాళం వేయకుండా ఉండే మనిషికి ఇవ్వాల్సిన అదనపు జీతమే.