జాబ్ కార్డుపై సంతకం

కొన్ని నెలల క్రితం మా ఇంటి కారును సర్వీసింగ్ కోసం డీలరు వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాము. కౌంటరు దగ్గరి యువకుడు సలాము చేసి, టీ ఇప్పించి, ఒక ప్యాకేజీ గురించి వివరించాడు. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శుద్ధి, అడుగు భాగానికి తుప్పు పట్టకుండా పూత, పెయింటుపై టెఫ్లాన్ కోటింగ్. ఇవి ఇప్పుడే చేయించకపోతే ఇంజిన్ దెబ్బతింటుందన్నాడు. మా వెనుక మరో నలుగురు నిలబడి ఉన్నారు. ధర గురించి ప్రశ్నిస్తే పిసినారులమనుకుంటారేమోనన్న బిడియంతో జాబ్ కార్డుపై సంతకం చేశాము. 4 వేలు అవుతుందనుకున్న బిల్లు 13 వేలు దాటింది.

ఇంటికి వచ్చి, కారుతోపాటు ఇచ్చిన మాన్యువల్ తెరిచి చూశాము. మా బండి తిరిగిన కిలోమీటర్లకు అందులో ఉన్నవి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చడం, కొన్ని భాగాలను తనిఖీ చేయడం మాత్రమే.

వ్యాపారంలో లాభం హరామ్ కాదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరినా దైవప్రవక్త (స) అందుకు అంగీకరించలేదు. అయితే అదే మహనీయులు బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి గట్టిగా మందలించారు. లాభానికి అనుమతి ఉంది, దాచడానికి లేదు. హనఫీ ధర్మవేత్తలు మితిమీరిన ధరను 'గబన్ ఫాహిష్' అన్నారు. ఉస్మానియా కాలపు 'మజల్లా' న్యాయస్మృతి దానికి కొలత కూడా చెప్పింది: సరుకుల్లో ఇరవయ్యో వంతు, పశువుల్లో పదో వంతు, స్థిరాస్తిలో ఐదో వంతు. అలాంటి ధరకు మోసం కూడా తోడైతే బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారునికి ఉంటుంది.

ఈ సంగతి విన్న మా పూర్వ విద్యార్థి ఒకరు ఫోను చేశాడు. అతనూ మరో ఊరిలో అలాంటి కౌంటరులోనే పని చేస్తున్నాడు. "ఉస్తాద్, జీతం తక్కువ. ప్యాకేజీలు అమ్మితేనే ఇన్సెంటివ్. నెలనెలా టార్గెట్ ఉంటుంది. నా సంపాదన హలాలేనా?" అని అడిగాడు. "బేటా, ఏ పని మాన్యువల్‌లో ఉందో, ఏది కస్టమరు ఇష్టమో ముందుగా చెప్పు. ఆ తరువాత అమ్మితే అది నీ కష్టార్జితం. ఇంజిన్ పాడవదని తెలిసీ పాడవుతుందని భయపెట్టి అమ్మితే, ఆ సొమ్ము శుద్ధమైనది కాదు" అన్నాము. "మరి ఉద్యోగం పోతే?" అన్నాడు. కేవలం బిడియంతో సంతకం చేసిన మాకు, ఇంటిల్లిపాదినీ పోషించే అతనికి వెంటనే బదులివ్వడం కష్టమైంది. చివరకు, "అబద్ధం మాత్రం ఆడకు, ఈలోగా మరో చోటు వెతుకు" అన్నాము. గత రెండు నెలలుగా అతని టార్గెట్ పూర్తి కాలేదు. అతని కోసం దుఆ చేస్తున్నాము.

ఇక మన వంతు. బేరసారాలలో తరచూ మోసపోయే ఒక సహచరునికి దైవప్రవక్త (స), ఇందులో మోసం ఉండరాదని బేరం సమయంలోనే చెప్పమని నేర్పారు. కాబట్టి అడగడం అమర్యాద కాదు. మాన్యువల్ వెంట తీసుకువెళ్ళండి. ప్రతి పనికీ విడివిడిగా ధర రాసిన అంచనా తీసుకున్న తరువాతే సంతకం చేయండి. అదనపు పని ఏదైనా ఫోను చేసి అడగకుండా చేయవద్దని జాబ్ కార్డుపైనే రాయించండి. మార్చిన పాత భాగాలను చూపించమనండి. పట్టికలోని సర్వీసులు వేళకు చేయించడం వారంటీకి అవసరం. పట్టికలో లేని పూతలు, శుద్ధులు మన ఇష్టం. అన్యాయం జరిగితే ముందు మేనేజరుకు రాతపూర్వకంగా తెలపండి. పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

కౌంటరుకు ఇటువైపున్న మనకు అడిగే ధైర్యాన్ని, అటువైపున్న మన బిడ్డలకు నిజం చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.