సెస్సు ఎవరి ఖాతాలోకి?

పోటీ పరీక్షలకు చదివేవారు బడ్జెట్, పార్లమెంటు, బ్యాంకింగ్‌కు చెందిన ఇంగ్లిషు పదాలను జాబితాలుగా బట్టీ పడుతుంటారు. ఆ శ్రమను తీసిపారేయలేం. కానీ పదం వెనుక డబ్బు ఎటు కదులుతుందో తెలియకపోతే ఆ చదువు పరీక్ష హాలు దాటి బయటికి రాదు. సెస్, సర్‌ఛార్జిలనే తీసుకుందాం. కట్టేవారికి అవీ పన్నులే. అయితే రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం కేంద్రం రాష్ట్రాలతో పంచుకునే మొత్తంలో అవి కలవవు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన 41 శాతం వాటా వాటిని మినహాయించాక మిగిలిన పన్నులకే వర్తిస్తుంది. 2021 బడ్జెట్‌లో లీటరు పెట్రోలుపై రూ.2.50, డీజిలుపై రూ.4 వ్యవసాయ సెస్సు వేసి, ఆ మేరకు ఎక్సైజు సుంకాలు తగ్గించారు. బంకులో ధర మారలేదు, పంపకానికి వచ్చే మొత్తం మాత్రం తగ్గింది. ఆ తగ్గుదల అమరావతికీ హైదరాబాదుకూ కూడా సంబంధించినదే.

ఈ బడ్జెట్, చట్టాల పత్రాలన్నీ తెలుగులోనే ఉండాలి కదా అని కొందరు అడుగుతారు. ఉండాలి, అది మా కోరిక కూడా. కానీ 348వ అధికరణ కింద కేంద్ర చట్టాల అధికారిక పాఠం ఇప్పటికీ ఇంగ్లిషే. తెలుగు వచ్చేదాకా ఆగితే, ఈలోగా జరిగే నిర్ణయాలను ప్రశ్నించే అవకాశం చేజారుతుంది. పత్రికలు వివరిస్తాయిగా అంటారా? ఆ వివరణ సరైనదో కాదో తేల్చుకోవడానికైనా మూలం చదవగలగాలి. అందుకే ఈ సంచికలో ఓట్ ఆన్ అకౌంట్, మనీ బిల్లు, ఫిస్కల్ డెఫిసిట్ వంటి పదాలను అక్షరక్రమంలో ఇవ్వకుండా, అసలు పత్రాల్లో అవి వచ్చే చోటనే పరిచయం చేస్తున్నాం.