గిద్దలూరులో ఒక గది

హైదరాబాద్ రాయదుర్గంలో, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టే స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ కొత్త భవనాన్ని 2022 జూన్ 28న ప్రారంభించారు. 5.82 లక్షల చదరపు అడుగులు. ఆ ఫొటోలు చూసి మా గిద్దలూరు కుర్రాళ్లు "మనకిలాంటిది ఎప్పుడొస్తుంది సార్?" అని అడుగుతుంటారు. వాళ్లకు నేను మొదటి టీ-హబ్ సంగతి చెబుతాను.

అది 2015 నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో, 70 వేల చదరపు అడుగుల్లో మొదలైంది. ప్రభుత్వంతో ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్ కలిశాయి. అంటే సాంకేతికం తెలిసినవాళ్లు, వ్యాపారం తెలిసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు అందుబాటులోకి వచ్చారు. కుర్చీ, వైఫై ఇంట్లోనూ ఉంటాయి. పక్క బల్ల దగ్గరున్నవాడు నిన్ననే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటే మాత్రం కొత్తగా వచ్చినవాడికి పది రోజుల తిరుగుడు తప్పుతుంది. సరుకు అరువిచ్చి, డబ్బు రాక నిద్రపట్టని వాడికి, అదే దెబ్బ తిని తేరుకున్న మనిషి ఎదురుగా టీ తాగుతూ కనబడితే ఎంత ధైర్యం!

టీ-హబ్ పక్కనే 2023 మార్చి 2న టీ-వర్క్స్ తెరిచారు. ఒక్కడు కొనలేని మిషన్ల మీద నలుగురూ తమ నమూనా వస్తువులు చేసుకునే చోటు అది. మన ప్రాంతానికి ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. మార్కాపురం పలక మీద ఎన్ని ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దారో! నోటు పుస్తకాలొచ్చి పలక వెనకబడింది. అదే రాయి ఇప్పుడు టైల్స్‌గా విదేశాలకు వెళ్తోంది. ఆ రాతితో ఇంకో కొత్త వస్తువు చేయాలనుకునే పిల్లకు కోత మిషను, డిజైను నేర్పే మనిషి, కొనే వ్యాపారి ఒకేచోట దొరకాలి. ఇప్పుడు ఈ మూడింటి కోసం మూడు ఊళ్లు తిరగాలి.

మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 20న మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. శాఖలు విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాల్లో. మంచి పనే. కానీ గిద్దలూరు నుంచి వీటిలో ఏ ఒక్కటీ పొద్దున వెళ్లి పని చూసుకుని తీరిగ్గా ఇల్లు చేరే దూరంలో లేదు.

అందుకే మన దగ్గరే, మార్కాపురంలోని ఇంజనీరింగ్ కళాశాలలో ఒక హాలు, గిద్దలూరు స్టేషను దగ్గర ఒక గది ఇస్తే చాలు. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం మీదే రెండు ఊళ్లూ ఉన్నాయి. కరెంటు పోకుండా చూడాలి. సాయంత్రం ఆరింటికే తాళం వేయకూడదు, పగలంతా వేరే పని చేసుకునేవాళ్లు వచ్చేది అప్పుడే. వారానికోసారి ఒక ఆడిటరు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక పలకల ఫ్యాక్టరీ యజమాని వచ్చి గంటసేపు కూర్చోవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. కౌన్సిలర్లు, కళాశాలల వాళ్లు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలే పని.

హైదరాబాద్‌లో, బెంగళూరులో స్థిరపడిన మన ఊరి వాళ్లకూ ఒక మాట. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు పూటలు ఆ గదిలో కూర్చోండి. మీరు పదేళ్లలో నేర్చుకున్నది అడిగి తెలుసుకోవడానికి ఇక్కడ పిల్లలున్నారు.