అణుశక్తీ, మామిడిపండూ

అణుశక్తి అనగానే మనకు బాంబే గుర్తొస్తుంది కదూ! అమెరికా నుంచి అమ్మాయి ఫోన్ చేసి, "మన బంగినపల్లి దొరికిందమ్మా! పెట్టె మీద రేడియేషన్ ఇచ్చినట్టు రాసుంది, పిల్లాడికి పెట్టనా?" అంటే గుండె గుభేలుమనదూ మరి!

నిశ్చింతగా పెట్టమనండి. టెంక పురుగు తమ దేశానికి పాకుతుందని అమెరికా చాలా ఏళ్లు మన మామిడిని గడప తొక్కనివ్వలేదు. 2006లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరి, 2007 ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు వెళ్లాయి. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో, ఉల్లిపాయలు మొలకెత్తకుండా కట్టిన కేంద్రంలోనే వాటికి కోబాల్ట్-60 కిరణాలు పట్టించారు. పురుగు బతికున్నా ఇక దాని వంశం పెరగదు. ఎక్స్‌రే తీయించుకున్నాక మన ఒంట్లో కిరణాలు మిగలవు చూడండి, పండులోనూ అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వంటివి కలిసి వేసిన నిపుణుల సంఘం 10 కిలోగ్రేల దాకా తిండికి హాని లేదని 1980లోనే తేల్చింది. మామిడికిచ్చేది అందులో పదో వంతు దాటదు.

మొదట్లో అమెరికా అధికారి వచ్చి దగ్గరుండి చూస్తేగానీ పెట్టె కదిలేది కాదు. 2020లో కరోనా వల్ల ఆ రాకపోకలు ఆగి, ఎగుమతీ ఆగింది. 2022లో గానీ మళ్లీ మొదలవలేదు.

అన్నట్టు, ఈ కిరణాలకు పురుగుమందు పోదు. పండు కడిగే కొయ్యమని అమ్మాయికి చెప్పండి.